డెత్ మాగ్నెటిక్ గురించి హనుమకొండ పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట వైపు గిటార్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా పేరు ముందు టీషర్ట్ మీద చూస్తారు, పాట ఆ తర్వాత వింటారు. 1986 నాటి మాస్టర్ ఆఫ్ పపెట్స్, 1991 నాటి బ్లాక్ ఆల్బం అయిపోయాక వాళ్ల చేతికొచ్చేది ఎక్కువగా డెత్ మాగ్నెటిక్. అనుమానాలు అక్కడే మొదలవుతాయి. "అన్నా, ఒకడేమో ఇదే అసలు మెటాలికా అంటడు, ఇంకొకడేమో తలకాయ నొస్తది వినకు అంటడు. ఏది నిజం?" అని అడుగుతారు. రెండూ నిజమే. ఒకే రికార్డు మీద రెండూ ఎలా నిజమవుతాయో చెప్పడానికే ఈ ప్రశ్నలూ జవాబులూ.

ఇంతకీ ఇది ఏ ఆల్బం? క్లుప్తంగా చెప్పండి.

మెటాలికా తొమ్మిదో స్టూడియో ఆల్బం. 2008 సెప్టెంబర్ 12న విడుదలైంది. పది పాటలు, దాదాపు 75 నిమిషాలు. జేమ్స్ హెట్‌ఫీల్డ్ పాడుతూ రిథమ్ గిటార్ వాయించాడు. లీడ్ గిటార్ కిర్క్ హామెట్, డ్రమ్స్ లార్స్ ఉల్రిక్, బేస్ రాబర్ట్ ట్రుహియో. ట్రుహియో 2003లోనే బ్యాండ్‌లో చేరాడు కానీ, మెటాలికా స్టూడియో ఆల్బంలో వాయించడం ఇదే మొదలు. ప్రొడ్యూసర్ రిక్ రూబిన్. ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే మనిషి కాదు. పాట ఏ రూపంలో బయటికి రావాలో దగ్గరుండి చూసుకునే మనిషి.

దీనికి ముందు వచ్చిన సెయింట్ ఆంగర్‌ను ఎందుకంత తిడతారు?

అది 2003లో వచ్చింది. బ్యాండ్‌కు అప్పుడు అస్సలు బాగాలేదు. బేసిస్ట్ జేసన్ న్యూస్టెడ్ 2001లో వెళ్లిపోయాడు. హెట్‌ఫీల్డ్ తాగుడు మానడానికి చికిత్సకు వెళ్లి నెలల తరబడి రాలేదు. మిగిలినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేని పరిస్థితి. ఆ గొడవంతా 2004లో వచ్చిన సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్ అనే డాక్యుమెంటరీలో ఉంది. ఆ ఒత్తిడిలో చేసిన ఆల్బంలో గిటార్ సోలో, అంటే లీడ్ గిటార్ ముందుకొచ్చి వాయించే భాగం, ఒక్కటంటే ఒక్కటి లేదు. కిర్క్ హామెట్ బ్యాండ్‌లో ఉండి కూడా! దానికితోడు లార్స్ తన స్నేర్ డ్రమ్ అడుగున ఉండే తీగలను వదులు చేసి వాయించాడు. దాంతో ప్రతి దెబ్బా ఖంగుఖంగుమంటూ చెవిలో గుచ్చుకుంటుంది. నిజాయితీగా చేసిన ఆల్బమే, కాదనను. కానీ గిటార్ కోసం మెటాలికా వినేవాళ్లకు అందులో తిండి దొరకలేదు. అందుకే తర్వాతి ఆల్బం కోసం అయిదేళ్లు ఆకలిగా ఎదురుచూశారు.

రిక్ రూబిన్ వచ్చి ఏం మార్చాడు?

1991 నుంచి 2003 వరకు మెటాలికాకు బాబ్ రాక్ ప్రొడ్యూసర్. ఆయన చేతిలో పాటలు పొట్టివయ్యాయి, సౌండ్ నున్నబడింది, రేడియోకు ఎక్కింది. రూబిన్ దారి వేరు. 1986లో స్లేయర్ అనే మెటల్ బ్యాండ్ చేసిన రెయిన్ ఇన్ బ్లడ్ ఆల్బం ఆయన చేతి మీదుగా వచ్చిందే. కాబట్టి వేగంగా వాయించే గిటార్లను ఎక్కడ ముట్టుకోకూడదో ఆయనకు తెలుసు. మాస్టర్ ఆఫ్ పపెట్స్ రోజుల్లో మీ మనసు ఎలా ఉండేదో అక్కడికి వెళ్లండి, పాత పద్ధతిలో వాయించడానికి సిగ్గుపడకండి అన్నది ఆయన చెప్పిన మాటల సారం. సెయింట్ ఆంగర్ పాటలను స్టూడియోలో కూర్చుని అప్పటికప్పుడు అల్లారు. ఈసారి పాటలు పూర్తిగా చేతికొచ్చాకే రికార్డింగ్‌కు దిగారు. ఆ తేడా మొదటి పాటలోనే తెలుస్తుంది. సంగీతం క్రెడిట్ నలుగురికీ ఉంది, మాటలు మాత్రం హెట్‌ఫీల్డ్‌వి.

గిటార్ ఆల్బం అంటున్నారు. గిటార్లో అంత ఏముంది?

చాలా ఉంది. ముందు కుడిచేయి సంగతి చూద్దాం. హెట్‌ఫీల్డ్ వాయించే రిఫ్‌లలో, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కల్లో, ఎక్కువ భాగం డౌన్‌పికింగే. పిక్ పైనుంచి కిందికి మాత్రమే కొడుతుంది, కింది నుంచి పైకి తీగను తాకదు. పైకీ కిందికీ కొడితే సగం శ్రమతో అదే వేగం వస్తుంది, కానీ పైకి కొట్టిన దెబ్బ కాస్త పలచగా మోగుతుంది. అన్నీ కిందికే కొడితే ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుతుంది. దానికి పామ్ మ్యూటింగ్ తోడవుతుంది. అరచేతి అంచు, అంటే చిటికెన వేలి కిందుండే కండ, గిటార్ ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనీ ఆననట్టు ఉండాలి. వెంట్రుకవాసి ముందుకు జరిగితే తీగ చచ్చిపోయి టక్కుమంటుంది. వెనక్కి జరిగితే మోత ఆగకుండా సాగిపోతుంది. సరైన చోట పడితే "జుగ్ జుగ్" అని కడుపులో తగులుతుంది. ఈ ఆల్బంలో ఆ జుగ్ జుగ్ మళ్లీ నిండుగా వచ్చింది.

ఇక కిర్క్ హామెట్. అయిదేళ్లుగా కట్టేసిన మనిషిని వదిలిపెట్టారు. దాదాపు ప్రతి పాటలో సోలో ఉంది, చాలా చోట్ల వా పెడల్ (కాలితో తొక్కితే గిటార్ "వావా" అన్నట్టు మోగుతుంది) తొక్కుతూనే ఉంటాడు. వా పెడల్ అతిగా వాడతాడని ఆయన్ను వెక్కిరించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకూ ఒకటి రెండు చోట్ల అలాగే అనిపిస్తుంది. అయితే ఆల్ నైట్‌మేర్ లాంగ్ లాంటి పాటలో ఆ పరుగు విన్నాక ఫిర్యాదు చేయబుద్ధి కాదు. ఇద్దరు గిటారిస్టులు ఒకే వరసను వేర్వేరు స్వరాల్లో జంటగా వాయించడం 80ల మెటాలికాకు ఇష్టమైన పద్ధతి, అది కూడా ఇక్కడ తిరిగొచ్చింది.

నేర్చుకునేవాళ్లకు పనికొచ్చే ఇంకో సంగతి. సెయింట్ ఆంగర్‌లో గిటార్ల శ్రుతిని బాగా కిందికి దించి, ఎక్కువగా డ్రాప్ సీ అనే శ్రుతిలో వాయించారు. ఇక్కడ ఎక్కువ పాటలు గిటార్‌కు మామూలుగా పెట్టే ఈ స్టాండర్డ్ శ్రుతిలోనే ఉన్నాయి. కాబట్టి లావు తీగలు కొనక్కర్లేదు. స్టేజీ మీద మాత్రం అరమెట్టు దించి వాయిస్తారు. లైవ్ వీడియోతో పాటు వాయిస్తే శ్రుతి కలవట్లేదని కంగారు పడొద్దు.

పాటలు ఎందుకింత పొడుగు? ఎనిమిది నిమిషాలా!

ఒక్క మై అపోకలిప్స్ మాత్రమే అయిదు నిమిషాల్లో అయిపోతుంది. మిగతావన్నీ ఆరు దాటుతాయి. సూసైడ్ అండ్ రిడెంప్షన్ అయితే పది నిమిషాలకు మూడు సెకన్లు తక్కువ, పైగా అందులో మాటలే లేవు. 1988 తర్వాత మెటాలికా స్టూడియో ఆల్బంలో ఇన్‌స్ట్రుమెంటల్ రావడం అదే.

పొడుగుకు కారణం కట్టుబడి. పల్లవి, చరణం, పల్లవి అని తిరిగే పాటలు కావివి. ఒక రిఫ్ నుంచి ఇంకో రిఫ్‌కు, అక్కడి నుంచి మూడో దానికి పోతాయి. ది డే దట్ నెవర్ కమ్స్ తీసుకోండి. మెల్లగా, ఒక్కో తీగనూ విడివిడిగా మీటుతూ మొదలవుతుంది. సగం దాటాక బరువెక్కుతుంది. చివరి మూడు నిమిషాలు గొంతు పక్కకు తప్పుకుని గిటార్లకు దారిస్తుంది. ఈ పద్ధతి మెటాలికా 1984 నుంచీ వాడుతున్నదే. నా మట్టుకు ఆల్బంలో ఒక పది నిమిషాలు కోసేసినా నష్టం లేదు. ది జుడాస్ కిస్, సైనైడ్ రెండూ ఒకే రిఫ్ మీద అవసరానికి మించి కూర్చుంటాయి.

సౌండ్ గురించి గొడవేంటి? నాకు బాగానే వినిపించింది కదా.

ఫోన్ స్పీకర్లో విని ఉంటారు. మంచి హెడ్‌ఫోన్స్‌తో, కాస్త వాల్యూం పెంచి, మొదటి మూడు పాటలు వరసగా వినండి. మూడో పాటకల్లా చెవులు అలసిపోతాయి. అది మీ చెవుల తప్పు కాదు.

డిజిటల్ రికార్డింగ్‌లో శబ్దానికి ఒక హద్దు ఉంటుంది. సీడీ మీద ఒక్కో శాంపిల్ విలువ 32,767కు మించి పోవడానికి వీల్లేదు. ఒక పాట అవతలి పాటకన్నా గట్టిగా వినిపించాలంటే, మెల్లగా ఉన్న భాగాలను పైకి లేపాలి, హద్దు దాటబోయే దెబ్బలను నొక్కిపెట్టాలి. దీనికి కంప్రెసర్, లిమిటర్ అనే పరికరాలు ఉన్నాయి. కొద్దిగా వాడితే పాటకు బలం వస్తుంది. మితిమీరితే మెల్లటి భాగానికీ గట్టి భాగానికీ తేడా మాయమవుతుంది. ఇంకా నెడితే ధ్వని తరంగాల తలలు కోసేసినట్టు చదునైపోతాయి. దాన్నే క్లిప్పింగ్ అంటారు.

క్లిప్పింగ్ మనకు కొత్తేం కాదు. ఏ ఫంక్షన్ హాల్లోనైనా మైక్ అబ్బాయి ఆంప్లిఫయర్ గెయిన్ మొత్తం తిప్పేస్తే, పంతులుగారి గొంతు బరబరమని చీలిపోతుంది చూడండి, అదే ఇది. అక్కడైతే ఎవరో ఒక పెద్దాయన లేచి "అరే, జర తగ్గించరా" అని కేకేస్తాడు. ఇక్కడ ఆ చీలిక సీడీలోనే అచ్చయిపోయింది. మీరు ఇంట్లో వాల్యూం తగ్గిస్తే చీలిన శబ్దమే చిన్నగా వినిపిస్తుంది తప్ప చీలిక పోదు.

ఎక్కడ తెలుస్తుందంటే, బ్రోకెన్, బీట్ అండ్ స్కార్డ్ మొదట్లోనూ, ది డే దట్ నెవర్ కమ్స్ బరువెక్కిన చోటా డ్రమ్స్ వినండి. కిక్ డ్రమ్ పడ్డ ప్రతిసారీ "ధబ్" బదులు చిటచిటమంటుంది, దాంతోపాటే గిటార్ కూడా ఒక్క క్షణం నలిగిపోతుంది. శబ్దంలో హెచ్చుతగ్గులను కొలిచే డైనమిక్ రేంజ్ మీటర్ అని ఒకటుంది. దాని మీద ఈ సీడీకి 3 వస్తుంది. 80ల నాటి మెటల్ రికార్డులకు సాధారణంగా పది పైనే వస్తుంది. పాత మెటాలికాను తిరిగి తెచ్చిన ఆల్బం ఈ ఒక్క విషయంలో మాత్రం పాతదానికి పూర్తిగా ఎదురు తిరిగింది.

గిటార్ హీరో గేమ్‌లో వేరే వెర్షన్ ఉందంటారు, నిజమా?

నిజం. సౌండ్ గొడవను బయటపెట్టింది ఆ గేమే. ఆల్బం విడుదలైన రోజే పాటలన్నీ గిటార్ హీరో 3 అనే వీడియో గేమ్‌కు డౌన్‌లోడ్‌గా వచ్చాయి. గేమ్‌లో గిటార్, బేస్, డ్రమ్స్ విడివిడి ట్రాకులుగా ఉండాలి. ఆడేవాడు నోట్ తప్పితే ఆ వాయిద్యం ఒక్కటే ఆగిపోవాలి కదా. అందుకని గేమ్ వాళ్లకు చివరి దశలో నొక్కకముందు ఉన్న ట్రాకులు అందాయి. ఆడుతూ విన్నవాళ్లకు, ఇదేంటి, సీడీలోకన్నా ఇందులో బాగుందే అనిపించింది. కొందరు గేమ్ ఆడియోను రికార్డ్ చేసి, సీడీ పాటను పక్కన పెట్టి కంప్యూటర్ తెర మీద రెండు వేవ్‌ఫామ్‌లు చూపించారు. గేమ్‌ది ఎగుడుదిగుడుగా, దెబ్బ పడ్డ చోటల్లా ముల్లులా లేచి ఉంది. సీడీది పై అంచూ కింది అంచూ గీత గీసినట్టు నిండుగా ఉంది. సంగీతం తెలియనివాళ్లకు కూడా చూడగానే అర్థమయ్యే సాక్ష్యం. అక్కడినుంచి విషయం పెద్ద పత్రికల దాకా వెళ్లింది. ఆల్బంను మళ్లీ మిక్స్ చేయమని, అంటే వాయిద్యాల ట్రాకులను మళ్లీ సరిగ్గా కలపమని, అభిమానులు వేల సంతకాలతో పిటిషన్ పెట్టారు.

చిన్న కొసరు: సూసైడ్ అండ్ రిడెంప్షన్‌ను గేమ్‌లో రెండు రకాలుగా ఇచ్చారు. ఒకదాంట్లో హెట్‌ఫీల్డ్ సోలో, ఇంకోదాంట్లో హామెట్ సోలో. వినగలిగితే రెండూ వినండి. ఒకే చోట ఇద్దరు మనుషులు ఎంత వేరుగా ఆలోచిస్తారో తెలుస్తుంది.

మరి తప్పెవరిది?

ఈ ప్రశ్నకు ఒక్క పేరు చెప్పమంటారు అందరూ. మాస్టరింగ్, అంటే మిక్స్ అయిన పాటలకు చివరి మెరుగు పెట్టే పని, చేసింది టెడ్ జెన్సెన్, ఆ రంగంలో పేరున్న మనిషి. తన దగ్గరికి వచ్చేసరికే మిక్స్‌లు నలిగిపోయి ఉన్నాయని ఆయన చెప్పాడు. బ్యాండ్ వెనక్కి తగ్గలేదు. లార్స్ అయితే ఆ సౌండ్ తనకు నచ్చిందనే అన్నాడు. సీడీని వెనక్కి తీసుకుని మళ్లీ చేయలేదు.

జబ్బు ఈ ఒక్క ఆల్బందీ కాదు. సీడీలు వచ్చాక, 90ల నుంచి, ప్రతి కంపెనీ తన పాటే గట్టిగా వినిపించాలని కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయింది. రెండు పాటలు పక్కపక్కన పెడితే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు మనిషి చెవికి తోస్తుంది కాబట్టి ఎవరూ తగ్గలేదు. డెత్ మాగ్నెటిక్ దగ్గరికి వచ్చేసరికి అది మామూలు శ్రోతకు కూడా తెలిసిపోయేంత ముదిరింది. నా లెక్కలో మాత్రం, చివరి మిక్స్ విని "సరే" అన్నవాళ్లదే బాధ్యత. ఆల్బం మీద పేరు వాళ్లదే కదా.

అప్పట్లో పత్రికలు, జనం ఏమన్నారు? అమ్ముడుపోయిందా?

బాగానే మెచ్చుకున్నారు. ఎక్కువ సమీక్షల్లో కనిపించే మాట ఒక్కటే: మెటాలికా మళ్లీ మెటాలికాలా వాయిస్తోంది. సోలోలు వచ్చాయి, వేగం వచ్చింది. తప్పుపట్టినవాళ్లు రెండు చోట్ల పట్టారు, ఒకటి సౌండ్, రెండోది నిడివి. ది అన్‌ఫర్‌గివెన్‌కు మూడో భాగం అవసరమా అని నొసలు చిట్లించినవాళ్లూ ఉన్నారు. మొదటిది 1991లో, రెండోది 1997లో వచ్చాయి. మూడోది పియానోతో, ఆర్కెస్ట్రాతో మొదలవుతుంది. నాకైతే హెట్‌ఫీల్డ్ గొంతు ఈ ఆల్బం మొత్తంలో బాగా నిలబడింది ఆ పాటలోనే.

అమ్మకాల సంగతి: ఒక ఫ్రెంచ్ దుకాణం విడుదలకు పది రోజుల ముందే సీడీలు అమ్మేయడంతో పాటలు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. అయినా అమెరికాలో మొదటి మూడు రోజుల్లో 4 లక్షల 90 వేల కాపీలు అమ్ముడై నేరుగా నంబర్ వన్‌కు వెళ్లింది. వరసగా అయిదు స్టూడియో ఆల్బంలు అమెరికా చార్టులో మొదటి స్థానంలో దిగిన బ్యాండ్‌గా రికార్డు కూడా దక్కింది. జనం ఒక చేత్తో పిటిషన్ మీద సంతకం పెట్టారు, ఇంకో చేత్తో సీడీ కొన్నారు.

అవార్డులు?

2009 ఫిబ్రవరిలో గ్రామీల్లో మై అపోకలిప్స్‌కు మెటల్ విభాగంలో అవార్డు వచ్చింది. సీడీ ప్యాకింగ్‌కు ఇంకోటి. శవపేటిక ఆకారంలో ఉన్న రంధ్రం బుక్‌లెట్ పేజీలన్నిటి గుండా లోపలికి దిగుతూ ఉంటుంది, చుట్టూ అయస్కాంతానికి అంటుకున్న ఇనుప రజను. ఫోన్‌లో చిన్న బొమ్మగా చూసేవాళ్లకు ఆ పనితనం తెలియదు. అదే ఏడు రిక్ రూబిన్‌కు ప్రొడ్యూసర్ అవార్డు కూడా వచ్చింది.

పేరులో చావు, అట్ట మీద శవపేటిక. ఇంట్లో "ఇదేం పాడు పాట" అంటున్నారు. ఏం చెప్పాలి?

ఇది నన్ను చాలామంది అమ్మలే నేరుగా అడిగారు. "బిడ్డా, ఆ పుర్రె బొమ్మలేంది, మంచిగ సినిమా పాటలు నేర్పరాదా" అని.

ఈ పేరు వెనక కథ చెబితే సగం కోపం పోతుంది. చిన్న వయసులో పోయిన రాక్ సంగీతకారులను తలుచుకుంటూ ఈ ఆలోచన మొదలైంది. ఆలిస్ ఇన్ చెయిన్స్ గాయకుడు లేన్ స్టేలీ 2002లో డ్రగ్స్‌కు బలయ్యాడు. ఆయన ఫొటో ఒకటి రికార్డింగ్ జరిగేటప్పుడు స్టూడియోలో ఉండేది. చావు కొందరిని ఎందుకు దగ్గరికి లాక్కుంటుంది, కొందరు దానికి ఎందుకు భయపడి పారిపోతారు అన్నది హెట్‌ఫీల్డ్ పట్టుకున్న దారం. మెటాలికా తమ సొంత బేసిస్ట్ క్లిఫ్ బర్టన్‌ను 1986లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో పోగొట్టుకున్నవాళ్లు. బొమ్మ కోసం పెట్టుకున్న చావు కాదిది.

ఇంకో మాట కూడా చెప్పండి ఇంట్లో. మన ఊళ్లల్లో మనిషి పోతే నిశ్శబ్దంగా తీసుకుపోతామా? ముందు డప్పులు ఉంటాయి. గడ్డి మంట మీద కాచి బిగించిన డప్పు, ఒక చేతిలో లావుపాటి సిర్ర, ఇంకో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. వాడ చివర మొదలైన మోత వాకిలి దగ్గరికొచ్చేసరికి గుండెలో కొడుతుంది, కొందరు ఆడతారు కూడా. దుఃఖానికి పెద్ద శబ్దం తోడుండటం మనకు తెలిసిన సంగతే. గిటార్ మాత్రమే కొత్త.

సౌండ్ గొడవ గురించి పైన చెప్పింది కూడా ఈ డప్పుతో ఇట్టే అర్థమవుతుంది. డప్పు కొట్టేవాళ్లు దూరంగా ఉన్నప్పుడు చిన్నగా, దగ్గరికొచ్చాక పెద్దగా వినిపిస్తుంది, సిర్ర దెబ్బ వేరు, పుల్ల దెబ్బ వేరు. ఆ తేడా తీసేసి మొదటి నుంచి చివరిదాకా ఒకే మోత మోగిస్తే వాడంతా తలుపులేసుకుంటుంది.

మాటలు అర్థం కావడం లేదు, ఫరవాలేదా?

ఫరవాలేదు. ముందు గిటార్ వినండి, మాటలు తర్వాత చదువుకోవచ్చు.

ఏ వెర్షన్ వినాలి? ఫోన్లో ఎలా వినాలి?

2015లో ఐట్యూన్స్ కోసం మళ్లీ మాస్టర్ చేసిన వెర్షన్ వచ్చింది. సీడీకన్నా అందులో కొంచెం గాలి ఆడుతుంది. దొరికితే అదే వినండి. గేమ్ నుంచి తీసిన ఆడియో బయట తిరుగుతూ ఉంటుంది కానీ అది అధికారికం కాదు, లింకులు నన్ను అడగొద్దు.

స్ట్రీమింగ్ యాప్‌లలో వినేవాళ్లకు ఒక విషయం. ఆ యాప్‌లు ఇప్పుడు అన్ని పాటలనూ దాదాపు ఒకే స్థాయికి తెస్తాయి. స్పాటిఫైలో అది మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క). అంటే గట్టిగా చేసిన ఆల్బంను యాప్ తనంతట తానే తగ్గించేస్తుంది. పాపం, 2008లో పడ్డ కష్టమంతా వృథా: గట్టిదనం పోయింది, నలిగిన శబ్దం మిగిలింది. ఫోన్లో బేస్ బూస్ట్, డాల్బీ లాంటివి ఆన్‌లో ఉంటే ఆపేయండి. అసలే నిండుగా ఉన్న దాంట్లో ఇంకా పోస్తే పొంగుతుంది. వాల్యూం సగానికి పెట్టి, పది పాటలూ ఒకే బిగిన వినకుండా అయిదు అయిదుగా వినండి.

మొదట ఏ పాట వినాలి?

దట్ వాజ్ జస్ట్ యువర్ లైఫ్. ఆల్బంలో మొదటిది. గుండె చప్పుడుతో మొదలై, మెల్లటి గిటార్ వచ్చి, ఒక్కసారిగా పరుగందుకుంటుంది. ఏడు నిమిషాలు. అది నచ్చకపోతే మిగతా తొమ్మిది మీకోసం కాదు, టైం వృథా చేసుకోకండి. నచ్చితే ఆల్ నైట్‌మేర్ లాంగ్‌కు వెళ్లండి.

గిటార్ మొదలుపెట్టి ఏడాది అయింది. ఇందులో ఏది వాయించగలను?

ది డే దట్ నెవర్ కమ్స్ మొదటి భాగం. డిస్టార్షన్ లేకుండా, తీగలు ఒక్కొక్కటే మీటాలి. కష్టం కాదు కానీ ప్రతి నోట్ పూర్తిగా మోగనివ్వాలి, మన పిల్లలు అక్కడే తొందరపడతారు. తర్వాత సైనైడ్. మధ్యరకం వేగం, ఊపు ఉంటుంది. మై అపోకలిప్స్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. డౌన్‌పికింగ్‌ను తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని చేయండి, మణికట్టు పట్టేసినట్టు అనిపిస్తే వెంటనే ఆపండి. నొప్పితో చేసే ప్రాక్టీస్ చేతిని పాడుచేస్తుంది.

నయీంనగర్, కిషన్‌పుర లాంటి చోట గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. పక్కింట్లో ఇంటర్ పిల్లలుంటే మార్చి నెలలో ఆంప్ ముట్టుకోవద్దు. హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న ఆంప్ ఒకటి కొనుక్కోండి. సంబంధాలు బాగుంటాయి.

కాలేజీ ఫెస్ట్‌లో ఇందులో పాట వాయించాలనుకుంటున్నాం. సలహా?

ముందు మీకిచ్చిన టైం ఎంతో కనుక్కోండి. ఎనిమిది నిమిషాల పాటను పది నిమిషాల స్లాట్‌లో పెడితే ప్లగ్ గుచ్చుకునే టైం కూడా ఉండదు. ది డే దట్ నెవర్ కమ్స్‌ను రెండో సగం నుంచి వాయించినా తప్పులేదు.

అసలు టెన్షన్ సౌండ్ సిస్టమ్‌తో. ఇక్కడ అద్దెకు దొరికేవి ఎక్కువగా బారాత్‌కూ గణేష్ నిమజ్జనానికీ కట్టే డీజే బాక్సులు. వాటి బలమంతా బేస్‌లోనే. గిటార్‌ను నేరుగా మిక్సర్‌లో గుచ్చితే తేనెటీగలు తిరిగినట్టు జుమ్మంటుంది తప్ప గిటార్‌లా వినిపించదు. మీ ఆంప్ తీసుకెళ్లి దాని ముందు మైక్ పెట్టించండి, లేదా ఆంప్ శబ్దాన్ని ఇచ్చే ప్రాసెసర్ అయినా వాడండి. మిక్సర్ దగ్గరున్న అన్నను మర్యాదగా పలకరించి, గిటార్ ఛానల్‌లో 100 హెర్ట్జ్ కింద కోసేయమని అడగండి. కిందిది బేస్ గిటార్‌కూ కిక్ డ్రమ్‌కూ వదిలేయాలి. ఎర్ర లైటు వెలుగుతుంటే గెయిన్ తగ్గించమనండి. వెలిగినంతసేపూ మీరు డెత్ మాగ్నెటిక్‌ను మరీ యథాతథంగా వాయిస్తున్నట్టే.

మెటాలికా ఇండియాకు వచ్చిందా?

2011లో వచ్చింది. అక్టోబర్ 28న గుర్‌గావ్‌లో వాయించాల్సింది, బారికేడ్ విరిగి, జనం స్టేజీ దాకా తోసుకురావడంతో ఆ షో రద్దయింది. 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. మన దేశంలో వాళ్ల మొదటి షో అదే. ఇటువైపు నుంచి వెళ్లాలంటే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ దిగి, అక్కడినుంచి బెంగళూరు బండి పట్టుకోవచ్చు. తల్లిదండ్రులకు ఏం చెప్పి వెళ్లారన్నది ఎవరి కథ వాళ్లది.

మాస్టర్ ఆఫ్ పపెట్స్ కంటే గొప్పదా?

కాదు. దాంట్లో ఒక్క నిమిషం కూడా వృథా లేదు, ఇందులో ఉంది. కానీ నలభైల్లో పడ్డ నలుగురు మనుషులు, ఒకసారి విడిపోయే దాకా వెళ్లి, ఇంత వేగంగా, ఇంత కలిసికట్టుగా వాయించడం చిన్న విషయం కాదు. 1991 తర్వాత వాళ్ల ఆల్బంల్లో నేను ఎక్కువసార్లు పెట్టుకునేది ఇదే, సౌండ్‌ను తిట్టుకుంటూనే.

ఇది నచ్చితే తర్వాత ఏం వినాలి?

ఇదే రికార్డింగ్‌లో మిగిలిపోయిన నాలుగు పాటలను 2011 డిసెంబర్‌లో, బ్యాండ్ ముప్పై ఏళ్ల సందర్భంగా, బియాండ్ మాగ్నెటిక్ పేరుతో విడుదల చేశారు. ముందు అవి వినండి. తర్వాత 2016లో వచ్చిన హార్డ్‌వైర్డ్ టు సెల్ఫ్ డిస్ట్రక్ట్, 2023లో వచ్చిన 72 సీజన్స్. ఈ రెండింటికీ బ్యాండ్‌తో కలిసి పనిచేసిన ప్రొడ్యూసర్ గ్రెగ్ ఫిడెల్మన్. డెత్ మాగ్నెటిక్‌కు రికార్డింగ్ ఇంజినీర్‌గా ఉన్నది కూడా ఆయనే. హార్డ్‌వైర్డ్‌లో ఏదైనా పాట పెట్టి, వెంటనే డెత్ మాగ్నెటిక్‌లో ఒకటి పెట్టి స్నేర్ డ్రమ్ ఒక్కటే పట్టుకుని వినండి.